పార్కు జాగా, సైడు కాలువ: కాలనీ పని నెత్తికెత్తుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పార్కు జాగా ఆక్రమణ సంగతీ, పొంగే సైడు కాలువ సంగతీ కాలనీ తరఫున నువ్వు చూస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమేసిందమ్మా. విజయవాడలో మన పాయకాపురం వైపు పాత డాబాలు పడగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్నారు. ఒకే వీధిలో ముప్పై ఏళ్ల నుంచి ఉన్నవాళ్లున్నారు, నిరుడు అద్దెకు దిగినవాళ్లూ ఉన్నారు. పాతవాళ్ల దగ్గర కాగితాలు, జ్ఞాపకాలు ఉన్నాయి. మీ వయసువాళ్లకు కాళ్లలో సత్తువ, చేతిలో ఫోను ఉన్నాయి. ఈ రెండూ ఒకే ఫైల్లోకి చేరితేనే ఆఫీసులో పని కదులుతుంది.

ముందు పార్కు జాగా. ఆక్రమణ కనబడగానే అందరూ వీడియో తీసి గ్రూపులో పెడతారు. దానివల్ల ఎదుటివాడు జాగ్రత్తపడి రాత్రికి రాత్రే ప్రహరీ లేపుతాడు. కాగితం చేతికొచ్చేదాకా నోరు మెదపకు. లేఅవుట్లో కనీసం 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా కార్పొరేషన్‌కు రాసివ్వాలన్నది నేటి నిబంధన. పాత లేఅవుట్లలో చాలావాటికి ప్లానులో పార్కని గీత గీశారు గానీ గిఫ్ట్ డీడ్ రాయలేదు. తగాదా అంతా అక్కడే పుడుతుంది. కాబట్టి నీకు కావలసినవి మూడు: ఎల్పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) ఉన్న లేఅవుట్ ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ, ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం). మొదటిది టౌన్ ప్లానింగ్ విభాగంలో, మిగతా రెండూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతాయి.

ప్లాను కనపడటం లేదని ఆఫీసులో చేతులెత్తేయడం మామూలే. అప్పుడు పెద్దవాళ్ల బీరువాలే దిక్కు. పార్కుకు ఆనుకుని ఉన్న ప్లాట్ల సేల్ డీడ్లు తీయించు. చివర్లో నాలుగు హద్దులు రాసే చోట ‘తూర్పు: పార్కు స్థలం’ అనో ‘ఖాళీ స్థలం’ అనో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు వేర్వేరు యజమానుల దస్తావేజుల్లో ఒకే మాట ఉంటే దాన్ని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ప్లాటు అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు కూడా అడుగు. పాత పుట్టినరోజు ఫొటోల వెనకాల ఆ జాగా కనిపిస్తే అవీ సాక్ష్యమే. ఎవరి ఇంట్లోది, ఏ ఏటిది అన్నది వెంటనే రాసి పెట్టు.

జ్ఞాపకాలను కూడా కాగితం మీదకు ఎక్కించాలి. ‘అప్పట్లో ఇదంతా ఖాళీగా ఉండేది’ అంటే ఎవరూ లెక్కచేయరు. మనిషి పేరు, వయసు, డోరు నంబరు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, ఏం చూశారు, ఏ ఏడు చూశారు అని ఒక్క పేజీలో రాసి సంతకం పెట్టించు. తెలియనిది రాయించకు. ఒక్క తప్పు మాట దొరికితే మిగతా పేజీలన్నిటినీ అనుమానిస్తారు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వనక్కర్లేదని వెనక్కి పంపేస్తారు. ఉన్న రికార్డు నకలు అడగాలి: ఫలానా సర్వే నంబరులో మంజూరైన లేఅవుట్ ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ నంబరు, తేదీ, ఆ స్థలంలో ఏదైనా నిర్మాణానికి అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు నకలు. ఒక దరఖాస్తులో ఒకే విషయం, నాలుగు ప్రశ్నలకు మించకుండా. 10 రూపాయలు నగదుగా కట్టి రసీదు తీసుకో. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకించి గడువు దాటబెట్టుకుంటారు. రెండో అప్పీలు 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. నకళ్ల కంటే ఫైలు కళ్లతో చూడటం మేలు. తనిఖీకి మొదటి గంట ఉచితం. ఫైళ్ల భాష తెలిసిన రిటైర్డు ఉద్యోగి ఎవరైనా మన కాలనీలో ఉంటే వెంట తీసుకెళ్లు.

కాగితాలు చేతికొచ్చాక కమిషనర్‌కు ఒక పేజీ అర్జీ ఇవ్వు. ఆక్రమణ తొలగించి కంచె వేయాలని, ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో పెట్టించాలని అడుగు. జాబితాలోకి ఎక్కితే దాని మీద రిజిస్ట్రేషన్ ఆగుతుంది. కోర్టు ఆఖరి మెట్టు. అయితే అక్కడ పునాది తవ్వుతున్నారంటే మాత్రం ఆగకుండా లాయరు దగ్గరికి వెళ్లాలి, స్లాబు పడ్డాక కథ మారిపోతుంది. బెంగళూరులో పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చిన కేసులో ఆ కేటాయింపు చెల్లదనీ, దాన్ని ప్రశ్నించే హక్కు చుట్టుపక్కల నివాసులకు ఉందనీ 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుకు ఈ మాట గుర్తు చెయ్యి.

ఇక కాలువ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, వాంబే కాలనీ, మన పాయకాపురం మునిగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద మరకలు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తాయి. సున్నం వేసేలోగా ప్రతి వీధిలో ఒక గోడకు పెయింటుతో గీత గీసి తేదీ రాయించండి. అంత వరదను మన సైడు కాలువ ఆపలేదు, నిజమే. మామూలు వానకే వీధి చెరువవుతోందంటే దానికి వేరే కారణాలున్నాయి. పాత తారు తవ్వకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తున్నారు, ఇళ్లు పల్లమవుతున్నాయి. కొత్త అపార్టుమెంట్లు కార్లు లోపలికి ఎక్కించడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు పోసేస్తున్నాయి, దాని కింద పూడిక తీయడానికి పార పట్టదు.

వాలు మీరే చూసుకోవచ్చు. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్లు నింపే లెవెల్ పైపు ఉంటుంది. ముప్పై అడుగులకొక గుర్తు పెట్టుకుంటూ కాలువ అడుగు ఎంత లోతులో ఉందో కొలవండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. వంద అడుగులకు నాలుగంగుళాలైనా దిగుతూ పోవాలి. మధ్యలో ఎక్కడ ఎదురు వాలు ఉందో తేలితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఆ చోటే చూపించు. ‘కాలువ బాగు చేయండి’ అనే అర్జీ పక్కనపడుతుంది గానీ, ‘ఫలానా డోరు నంబరు ఎదుట కాలువ అడుగుభాగం ఆరంగుళాలు ఎత్తుగా ఉంది’ అన్నదాన్ని తోసిపుచ్చలేరు. బడ్జెట్ ఏప్రిల్ నుంచి మొదలవుతుంది కాబట్టి ఎస్టిమేట్ కోసం జనవరిలోనే అడగాలి. పూడిక మే నెలాఖరుకు తీయించాలి. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ కాలువలో పడుతుంది. ట్రాక్టరు వచ్చేదాకా ఒకరు నిలబడాల్సిందే.

ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును పని కాకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేయడం తరచూ జరుగుతుంది. ఫిర్యాదు నంబరూ, తేదీతో ముందు ఫొటో, తర్వాతి ఫొటో ఒకే చోటు నుంచి తీసి ఉంచితే మళ్లీ తెరిపించవచ్చు. కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. నీకు ఉద్యోగం ఉంది కనుక అర్జీ నువ్వు రాయి, మోసుకెళ్లడం మేం చూసుకుంటాం.

సంఘం రిజిస్టరు చేయించాలంటే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. ఆ ఏడుగురిలో అద్దెవాళ్లు ఇద్దరైనా ఉండాలి, ఇది నా గట్టి మాట. మురుగు వాళ్ల గుమ్మంలోకీ వస్తుంది. ఆడవాళ్లు సగం ఉండాలి, ఎందుకంటే కాలువ ఏ వేళ పొంగుతుందో ఇంటిపట్టున ఉండేవాళ్లకే తెలుసు. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు పెట్టించండి, ఒకటి అరవై దాటినవారిది, ఒకటి మీ వయసువారిది. రాజకీయ నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టనివ్వకు. ఒక పార్టీ రంగు పడిందంటే సగం వీధి దూరమవుతుంది. పెద్దవాళ్లు మీటింగులో గంటలకొద్దీ మాట్లాడతారు, విసుక్కోకు. కానీ తీర్మానం రాసి సంతకాలు తీసుకున్నాకే లేవండి.

ఈ ఆదివారం పార్కు చుట్టూ ఉన్న ఇళ్లకు వెళ్లి దస్తావేజులు అడుగు. ఎవరి అసలు కాగితమూ నీ దగ్గర ఉంచుకోకు. వాళ్ల ఎదుటే ఫోనులో ఫొటో తీసుకుని, జెరాక్సు కావాలంటే వాళ్లనే వెంట రమ్మను. మూడో లైనులో మామ్మగారికి చెవులు సరిగా వినపడవు, పగలు పదింటికి వెళితే కోడలు ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న