రాతకోతలు: వరద 112వ పేజీలో వస్తే ఎట్లా?

ప్రశ్న: మేడం, నాది కర్నూలు పాత ఊరు. టీచరుగా పనిచేస్తున్నాను. 2009 వరద మీద నవల రాశాను, 340 పేజీలొచ్చింది. దిద్దుదామని కూర్చుంటే మొదటి అధ్యాయం దాటలేకపోతున్నాను. ఒక వాక్యం మారుస్తాను, మర్నాటికి పాతదే బాగుందనిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి మూడు అధ్యాయాలు, వరద రాత్రి అధ్యాయం, మిగతా కథ సారాంశం జతచేశాను.

జవాబు: అన్నీ చదివానమ్మా. వాక్యాల జోలికి ఇప్పుడే పోవద్దు. రేపు కొట్టేయబోయే పేజీలో కామా ఎక్కడ పెట్టాలా అని ఈ రోజు కుస్తీ పట్టడం దండగ.

ముందు ఒక నోటుబుక్కు తీసి, ఒక్కో సన్నివేశానికి ఒక్కో వరుస రాయండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరున్నారు, దానివల్ల కథలో ఏం మారింది. చివరి గడి ఖాళీగా మిగిలిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టండి. కొన్ని పోతాయి, కొన్ని పక్కదాంట్లో కలిసిపోతాయి. (ఉగ్గాని, బజ్జీ తినే సన్నివేశం మాత్రం గడి ఖాళీ అయినా ముట్టుకోవద్దు. చదువుతుంటే నాకు ఆకలేసింది.)

మీ సారాంశం ప్రకారం నీళ్ళు 112వ పేజీకి గానీ ఊళ్ళోకి రావు. అంతదాకా కొండారెడ్డి బురుజు చరిత్ర, 1953లో కర్నూలు రాజధాని అయిన వైనం, తాత పెళ్ళి. ఆ రాజధాని సంగతులు ఎంతో తిరిగి సేకరించి ఉంటారు, అందుకే తీయడానికి చెయ్యి రాదు. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజుల్ని తాత నోట రెండు మాటల్లో చెప్పిస్తే సరిపోతుంది. అది కూడా మిద్దె మీద, నీళ్ళు తగ్గడం కోసం చూస్తూ కూర్చున్నప్పుడు.

ఇక తేదీలు. అక్టోబర్ 2 పొద్దున మీ సుజాత కాలేజీలో పరీక్ష రాసి ఇంటికొస్తుంది. ఆ రోజు గాంధీ జయంతి కదా, కాలేజీ ఎవరు తెరిచారు? రాత్రికి ‘అమావాస్య చీకటి’ అన్నారు. ఆ ఏడు దసరా సెప్టెంబర్ 28. దసరా వెళ్ళిన నాలుగో రోజుకు అమావాస్య ఎట్లా వస్తుంది? పున్నమి అక్టోబర్ 4న. మబ్బులు కమ్మి, కరెంటు పోయి చీకటైందంటే నమ్ముతాం. తమ్ముడు నీళ్ళ వీడియోను వాట్సాప్‌లో పంపడం కూడా తీసేయండి, మన ఊళ్ళలో అప్పటికి దాని పేరే తెలియదు. 2009 క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని దిద్దండి. కర్నూలోళ్ళకు ఆ రాత్రి గంట గంటా గుర్తుంది, ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

జేజి రెండో అధ్యాయంలో ‘యాడికి పోతాండావ్‌రా’ అంటుంది. ఇంట్లోకి నీళ్ళొచ్చేసరికి ‘త్వరగా పైకి రండి నాయనా’ అంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు పుస్తకాల భాష ఎవరికొస్తుందమ్మా? నవల మొత్తంలో జేజి మాటలొక్కటే ఏరి, వరసగా, గట్టిగా చదవండి. తర్వాత తాతవి, ఆ తర్వాత సుజాతవి.

ఇవన్నీ అయ్యాకే వాక్యాలు. ‘ఒక్కసారిగా’ నాలుగు అధ్యాయాల్లోనే విసుగొచ్చేన్ని ఉన్నాయి. నిట్టూర్పులూ ఎక్కువే. కంప్యూటర్లో ‘నిట్టూర్చింది’ అని వెతికితే ‘నిట్టూర్చాడు’, ‘నిట్టూరుస్తూ’ తప్పించుకుంటాయి. ‘నిట్టూ’ వరకే కొట్టండి, అన్నీ దొరుకుతాయి. డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో కొట్టిచ్చిన ఫైలయితే ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోండి, లేకపోతే ఎంత వెతికినా ఒక్కటీ కనబడదు.

చదవమని ఎవరికిచ్చినా ‘ఎట్లుంది’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఏ పేజీ దగ్గర పక్కన పెట్టి లేచారో అడగండి.

ప్రశ్న: నవల పూర్తయ్యాక ఎన్నాళ్ళు ఆగి దిద్దాలి? కొట్టేసినవి పారేయొచ్చా? (ప్రొద్దుటూరు పాఠకుడు)

జవాబు: ఏ పేజీలో ఏముందో చూడకుండా చెప్పగలుగుతున్నారా? అయితే ఇంకా తీయొద్దు, ఈలోగా ఒక కథ రాసుకోండి. కొట్టేసినవి తేదీ వేసి వేరే ఫైల్లో ఉంచండి. మూడోసారి దిద్దేటప్పుడు అందులోంచి ఒకటో రెండో పేరాలు వెనక్కి తెచ్చుకోవాల్సి రావచ్చు.