గొడ్డు మాంసం తింటే రక్తం పడుతుందా?

ప్రశ్న: నా వయసు 34. గాజువాకలో ఉంటాం. హిమోగ్లోబిన్ 9.2 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. వేసుకుంటే వికారంగా ఉంటోంది. మాత్రలు మానేసి గొడ్డు మాంసం తింటే చాలని పక్కింటావిడ అంటున్నారు. వేడి చేస్తుందని మా అత్తగారు వద్దంటున్నారు. మావారికి కొలెస్ట్రాల్ ఉంది. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, విశాఖపట్నం

జవాబు: మాంసం తినండి, మాత్రలు మాత్రం మానకండి. కొవ్వు లేని గొడ్డు మాంసం వండాక 100 గ్రాముల్లో ఐరన్ 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది సుమారు పావు వంతు, అంటే అర మిల్లీగ్రాము. 60 మిల్లీగ్రాముల మాత్రలో పదో వంతు పట్టినా 6 మిల్లీగ్రాములు. ఆ ఒక్క మాత్రకు సరితూగాలంటే మీరు రోజూ కిలోకు పైగా మాంసం తినాలి!

అలాగని ఈ మాంసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆకుకూరల్లోని ఐరన్ కంటే ఇందులోది తేలిగ్గా ఒంటబడుతుంది. పైగా, కూడా తిన్న పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ను కూడా ఎక్కువగా పట్టేలా చేస్తుంది. 100 గ్రాములకు 26 గ్రాముల దాకా ప్రొటీన్, దాంతోపాటు జింక్, బి12 దొరుకుతాయి. మన రాష్ట్రంలో గోవధ నిషేధం కాబట్టి ఇక్కడ అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసమే. దాని కండలో కొవ్వు చాలా తక్కువ. అసలు చిక్కు కండకు అంటుకున్న తెల్ల కొవ్వుతోనే. మీవారికి పెట్టేటప్పుడు తొడ భాగం తీసుకుని, ఆ కొవ్వంతా కోసేసి వండండి. ఉడికించిన నీళ్లు చల్లారాక పైన తేలి గడ్డకట్టిన పొరను తీసేయండి. లివర్, బ్రెయిన్ ఆయనకు వద్దు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు తమ డాక్టర్‌ను అడిగే తినాలి.

వారానికి రెండుసార్లు, మనిషికి వండినది 100 గ్రాముల చొప్పున చాలు. ఎంత ఇష్టమైనా వారానికి 500 గ్రాములు దాటనివ్వకండి. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దృష్ట్యా 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎర్ర మాంసాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో, సాసేజ్‌ల వంటి ప్రాసెస్ చేసినవాటిని కచ్చితమైన కారకాల్లో చేర్చింది. నిప్పుల మీద మాడ్చకండి. లోపల ఎరుపు పోయేదాకా మెత్తగా ఉడికించండి, పచ్చిగా ఉంటే బద్దెపురుగు పట్టే ప్రమాదముంది.

మీ అత్తగారు చెప్పే ‘వేడి’కి వైద్యపరమైన ఆధారం లేదు. నూనె, మసాలాల వల్ల, పీచు లేకపోవడం వల్ల కడుపు బరువు, మలబద్ధకం మాత్రం నిజమే. పక్కన బెండకాయో, తోటకూరో పెట్టుకోండి, నీళ్లు బాగా తాగండి.

మాత్రను రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. అప్పటికీ పడకపోతే రోజు మార్చి రోజు వేసుకోవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. మాత్ర వేసుకున్నా, మాంసం తిన్నా టీ, కాఫీకి కనీసం గంట ఆగండి. క్యాల్షియం మాత్ర ఉంటే రెండు గంటలు తేడా పెట్టండి. నెలకు మళ్లీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరిగి ఉండాలి. పెరగకపోతే నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, మొలలు, నులిపురుగులు, బి12 లోపం, తలసేమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త లోపం) వీటిలో ఏదో ఉందేమో చూడాలి. నడిస్తే ఆయాసం, గుండెదడ వస్తుంటే, మలం తారులా నల్లగా జిగటగా పడుతుంటే నెల దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రల వల్ల మామూలుగా కాస్త నల్లబడటం గురించి భయం అక్కర్లేదు.