స్క్రీన్ లేని తక్కువ ధర పెన్ టాబ్లెట్‌తో డిజిటల్ ఆర్ట్ కుదురుతుందా?

గీతలు వంకరపోతున్నాయి, గుండ్రంగా గీస్తే కోడిగుడ్డులా వస్తోంది, కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే ఈ టాబ్లెట్‌ను వాపసు చేసి స్క్రీన్ ఉన్నది కొనాలా అని అడిగారు. వద్దండీ, వాపసు చేయకండి. మూడేళ్లుగా నేను ఇలాంటి దానిమీదే బొమ్మలూ లోగోలూ వేస్తున్నాను. మొదటి రెండు వారాలు నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

ముందు ఆ గుడ్డు సంగతి. అది మీ చేతి తప్పు కాదు. మానిటర్ సాధారణంగా 16:9 నిష్పత్తిలో ఉంటుంది. టాబ్లెట్ మీద గీసే చోటు 6 × 4 అంగుళాలైతే అది 3:2. డ్రైవర్, అంటే టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఈ చోటంతటినీ స్క్రీన్ అంతటికీ సాగదీస్తుంది కాబట్టి పెన్ను అడ్డంగా జరిపితే గీత నిలువుకంటే ఎక్కువ దూరం పోతుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో గీసే చోటు ఎత్తును 4 నుంచి సుమారు 3.4 అంగుళాలకు తగ్గించండి. గుండ్రం గుండ్రంగానే వస్తుంది. రెండు మానిటర్లుంటే టాబ్లెట్‌ను ఒక్కదానికే కేటాయించండి. ఇది తెలియక నేను పది రోజులు నా చేతినే తిట్టుకున్నాను.

వంకర గీతలకు ఒక పరీక్ష ఉంది. టాబ్లెట్ మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని వెంట నెమ్మదిగా గీయండి. గీత సాఫీగా వస్తే చేతికి అలవాటు కావాలంతే. అలలు అలలుగా వస్తే అది టాబ్లెట్ లోపం, చవక రకాల్లో కనిపించేదే. అప్పుడు బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో గీతల వణుకు తగ్గించే స్టెబిలైజర్ కొంచెం పెట్టుకుని, మణికట్టుతో కాకుండా మోచేతి నుంచి కాస్త వేగంగా గీయండి. నాది కొంచెం అలలు వచ్చే రకమే, అయినా పని ఆగలేదు.

పెట్టె మీద రాసే 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత గట్టిగా నొక్కారో టాబ్లెట్ గుర్తించే స్థాయిలు) గురించి టెన్షన్ పడకండి. 2048కీ దానికీ తేడా నా చేతికైతే తెలియలేదు. పెన్ను ఎంత తేలికగా తాకితే గీత పడుతుందన్నదే ముఖ్యం. అసలు ప్రెషరే పనిచేయకపోతే, పాత టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా మిగిలి ఉంటే తీసేయండి. తర్వాత విండోస్ ఇంక్ (విండోస్‌లో పెన్ను వాడకానికి ఉండే సదుపాయం) సెట్టింగ్ డ్రైవర్‌లోనూ, బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. లోగోలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో పాయింట్లు పెట్టి లోగో గీసేటప్పుడు ప్రెషర్‌తో పనే లేదు.

చూపు స్క్రీన్ మీద, చేయి బల్ల మీద ఉండటం అలవాటవ్వాలంటే కొన్నాళ్లు మౌస్ పక్కన పెట్టి, ఫోల్డర్లు తెరవడానికి కూడా పెన్నే వాడండి. నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఇదే. టాబ్లెట్ మాత్రం మానిటర్‌కు ఎదురుగా తిన్నగా ఉండాలి. కాస్త పక్కకు తిరిగినా అడ్డగీతలన్నీ వాలిపోతాయి.

ముఖాల్లోని సన్నని గీతలు మాత్రం నాకు ఇప్పటికీ కాగితం మీదే బాగా కుదురుతాయి. పెన్సిల్‌తో వేసి, ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కింది లేయర్‌గా (పొరగా) పెట్టుకుని పైన గీస్తాను. మీరూ ఒకసారి అలా ప్రయత్నించి చూడండి.