ఓడ నమూనాలు: పట్టీల కొలతలు, తాళ్ల లెక్కలు

ప్రశ్న: 1:64 నిష్పత్తిలో పాతకాలపు తెరచాప ఓడ కడుతున్నాను. బల్క్‌హెడ్ల (ఓడ ఆకారాన్నిచ్చే అడ్డు చట్రాల) మీద చెక్క పట్టీలు మధ్యలో చక్కగా కూర్చుంటున్నాయి. అణియం (ఓడ ముక్కు) దగ్గరికి వచ్చేసరికి ఒకదాని అంచు లేచి పక్కదాని మీదికి ఎక్కుతోంది. నానబెట్టినా, మేకులు కొట్టినా అంతే. ఏం చేయాలి?

జవాబు: ఆ పట్టీకి అక్కడ ఉండాల్సిన దానికన్నా వెడల్పు ఎక్కువైంది. అది నీళ్లతోనో మేకులతోనో తీరేది కాదు. ఓడ పొట్ట దగ్గర చుట్టుకొలత పెద్దది, ముక్కు దగ్గర చిన్నది. పట్టీల సంఖ్య మాత్రం రెండుచోట్లా ఒకటే. కాబట్టి ముక్కువైపు పోతున్నకొద్దీ ప్రతి పట్టీ సన్నబడాలి.

ఎంత సన్నబడాలో ముందే లెక్కవేయండి. బల్క్‌హెడ్ అంచు వెంట కాగితపు పేలిక పరిచి, డెక్ గీత నుంచి కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం) దాకా కొలవండి. మధ్య బల్క్‌హెడ్ దగ్గర 60 మి.మీ. వచ్చి, పట్టీ వెడల్పు 5 మి.మీ. అయితే 12 పట్టీలు పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 36 మి.మీ. అయితే ఒక్కో పట్టీ అక్కడ 3 మి.మీ. ఉండాలి. ప్రతి బల్క్‌హెడ్‌నూ ఇలాగే 12తో భాగించి, దాని అంచు మీదే పెన్సిల్ గుర్తులు పెట్టుకోండి. ఆ కొలతలు పట్టీ మీదికి ఎక్కించి గీత గీశాక, గీత బయటికి కోసి, మిగిలినది చిన్న చిత్రికతో దించండి. బ్లేడుతో నేరుగా గీత మీదే కోస్తే అది చెక్క ఈనె వెంట పక్కకు పోతుంది, పట్టీ చీలుతుంది.

సగం వెడల్పు కన్నా తగ్గించవద్దు. మీ పట్టీకి 2.5 మి.మీ. హద్దు. అంతకన్నా సన్నబడాల్సి వస్తే, అక్కడ రెండు పట్టీల చివర్లను కలిపి ఒకే పట్టీగా ముందుకు నడపండి. సూదిమొనలా చెక్కిన పట్టీకి మేకు నిలవదు, అంచు కూడా విరుగుతుంది. అసలు ఓడల్లోనూ వడ్రంగులు ఈ కారణంగానే మొన తేల్చేవారు కాదు. అమరం (ఓడ వెనక భాగం) వైపు తరచూ ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: పట్టీల మధ్య సందు తెరుచుకుంటుంది. అక్కడ త్రికోణపు ముక్కను చొప్పించాలి.

ఇంకొకటి చూసుకోండి. ముక్కు దగ్గరి బల్క్‌హెడ్ల అంచులకు వాలు పెట్టారా? ఒక పట్టీని మూడు బల్క్‌హెడ్ల మీద ఆనించి చూడండి. అంచు మందమంతా తగలాలి. ఒక మూల మాత్రమే తగిలితే ఉప్పుకాగితంతో ఇంకా అరగదీయాలి. ముక్కు దగ్గరి ఖాళీలో బాల్సా దిమ్మెలు అతికి, ఆకారానికి అరగదీస్తే పట్టీకి పూర్తి ఆధారం దొరుకుతుంది.

తడి పట్టీని వెంటనే అతికించవద్దు. తడిసిన చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. అతికించినరోజు బిగుతుగా కనిపించిన అతుకు, ఆరాక వెంట్రుకంత సందుగా తెరుచుకుంటుంది. 15, 20 నిమిషాలు నానబెట్టి, వేడితో వంచి, ఓడ మీదే క్లిప్పులతో పట్టి ఆరనిచ్చి, ఆ తర్వాతే జిగురు పెట్టండి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున పోండి. ఒకేవైపు పూర్తి చేస్తే ఆ లాగుడుకి కీల్ వంగుతుంది, తర్వాత దాన్ని సరిచేయడం కుదరదు.

ప్రశ్న: పట్టీల మీద రెండో పొరగా అతికించిన వాల్‌నట్ చెక్క మీద ఫినిష్ (వార్నిష్ లాంటి పూత) వేయగానే అక్కడక్కడా పాలిపోయిన మచ్చలు తేలాయి. ఎందుకు?

జవాబు: సూపర్ గ్లూ. చెక్క రంధ్రాల్లోకి ఇంకి గట్టిపడిన చోట ఫినిష్ లోపలికి పోదు. మచ్చ ఉన్నచోట బ్లేడును నిటారుగా పట్టి గీకి, 240 నంబరు, ఆపైన 400 నంబరు కాగితంతో రుద్ది మళ్లీ వేయండి. ఇకమీదట పైపొరకు తెల్ల జిగురు పీవీఏ వాడి, బయటికి ఉబికినది ఆరకముందే తడిగుడ్డతో తుడవండి. ఫినిష్‌కు ముందు మినరల్ స్పిరిట్ ఒక పూత పూస్తే దాగిన మచ్చలన్నీ కళ్లకు కడతాయి, అది ఆరిపోయాక చెక్కకు ఏమీ కాదు. వాల్‌నట్ ఈనెలు చిన్న నిష్పత్తిలో మరీ ముతకగా కనిపిస్తాయి. పియర్ లేదా బాక్స్‌వుడ్ దొరికితే పైపొరకు వాటినే ఎంచుకోవడం మేలు.

ప్రశ్న: కిట్‌లో ఇచ్చిన దారం నూగుగా ఉంది. ఏ తాడుకు ఎంత మందం వాడాలో ఎలా తేల్చాలి?

జవాబు: పాత పట్టికల్లో ఇంగ్లిషు ఓడల తాళ్ల కొలతలు అంగుళాల్లో ఉంటాయి. అది చుట్టుకొలత, మందం కాదు. పొరపాటు జరిగేది ఇక్కడే. 18 అంగుళాల మెయిన్‌స్టే (ప్రధాన స్తంభాన్ని ముందువైపు నుంచి పట్టి ఉంచే మోకు) అంటే 457 మి.మీ. చుట్టుకొలత. 3.14తో భాగిస్తే సుమారు 145, దాన్ని 64తో భాగిస్తే 2.3 మి.మీ. ఆ 18 అంగుళాలనే మందం అనుకుంటే 7 మి.మీ. మోకు అవుతుంది! చేతిలోని దారం మందం తెలియాలంటే పెన్సిల్‌కు 10 చుట్లు పక్కపక్కనే చుట్టి, వెడల్పు కొలిచి పదితో భాగించండి.

నూలు దారానికి నూగు తప్పదు. పాలిస్టర్ దారం మూడు పేటలుగా పేనుకుంటే శుభ్రంగా ఉంటుంది. తారు పూసిన స్థిరమైన తాళ్లకు నలుపు కలిసిన ముదురు గోధుమరంగు, తెరచాపల్ని నడిపే తాళ్లకు లేత గోధుమరంగు బాగుంటాయి.

ప్రశ్న: స్తంభాన్ని పట్టి ఉంచే ష్రౌడ్లకు నిచ్చెన మెట్లలా ర్యాట్‌లైన్లు కడుతుంటే, ష్రౌడ్లు లోపలికి లాగుకుపోయి నడుము సన్నబడినట్టు అవుతున్నాయి.

జవాబు: ముడి బిగించేటప్పుడు ష్రౌడ్‌ను కూడా లాగుతున్నారు. ముందుగా ష్రౌడ్ల వెనక అడ్డంగా రెండు మూడు సన్నని పుల్లలు కట్టి, వాటి ఎడం కదలకుండా చేయండి. 6 మి.మీ. దూరంలో గీతలు గీసిన కాగితాన్ని వెనక పెట్టుకోండి, 1:64లో అది 15 అంగుళాలకు సరిపోతుంది. నడిమి ష్రౌడ్ దగ్గర క్లోవ్ హిచ్ అనే ముడి వేసి రెండు పక్కలకూ పోవాలి. ముడుల మధ్య దారం కొంచెం వదులుగా, జారిన పూసలదండలా వేలాడనివ్వండి. నీళ్లు సగం కలిపిన పీవీఏ చుక్కతో ముడి ఆరనిచ్చి, మరుసటిరోజు చివర్లు కత్తిరించండి. సూపర్ గ్లూ వేస్తే ముడి మెరుస్తుంది, దారం పెళుసై విరుగుతుంది. ఐదారు వరుసలకోసారి ఎదురుగా నిలబడి చూస్తే వంపు మొదలైన చోటే దొరుకుతుంది, అప్పుడు విప్పి కట్టాల్సింది ఒకటి రెండు వరుసలే.