విడాకుల లాయరైతే మా పిల్లకి సంబంధాలు వస్తాయా అండీ?

పాలకొల్లు దగ్గర్నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్. లా చదువుతా, ఫ్యామిలీ కేసులే చేస్తా, తర్వాత సొంత ఫర్మ్ పెట్టి పది మంది లాయర్లని నడిపిస్తా అంటోందట, అమెరికాలో ఎవరో లేడీ అటార్నీ వీడియోలు చూసి. హైదరాబాద్‌లో ప్రైవేటు యూనివర్సిటీ అయిదేళ్ళ కోర్సు కోసం అరెకరం అమ్మాలా, లేక ఇక్కడే డిగ్రీ చేయించి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో వెయ్యాలా, పోల్చి చెప్పండి అన్నారు. చివర్లో, "విడాకుల కేసులు చూసే పిల్లకి రేపు సంబంధాలు వస్తాయాండీ" అని చిన్నగా ఒక లైను.

ఆ లైను కోసమే మిగతా ఉత్తరం అంతా రాశారని నాకు తెలుసు బాబుగారూ. ఇదే ప్రశ్న నాకు ఆచంట నుంచి వచ్చింది, రావులపాలెం నుంచి వచ్చింది, ఒకావిడైతే ఫోన్లో ఏడ్చేసింది కూడా. కాబట్టి ముందు దీని సంగతి.

మన వైపు సంబంధం ఎలా చూస్తామో మీకు నేను చెప్పాలా. ఎకరాలు అడుగుతాం, చెరువులు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆరా తీస్తాం, కుర్రాడు డల్లాస్‌లో ఉన్నాడంటే మాత్రం ఇంకేం అడక్కుండా తాంబూలాలు పుచ్చేసుకుంటాం. అవన్నీ అడగడం తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే మీరు భయపడాల్సిన పనేంటి? తిరుపతిలో 1975లో పెళ్ళయిన ఒక జంటలో భర్త అమెరికాలో మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుంటే అది ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది, ఇప్పటికీ ఎన్నారై కేసుల్లో ఆ తీర్పే పట్టుకెళ్తారు. అంటే పెళ్ళి కొడుకు ఎక్కడున్నా కాగితాలు చివరికి మన ఊళ్ళోకే వస్తాయి. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండాలా తండ్రి దగ్గర ఉండాలా అనే గొడవలు వేరే. లాయరుగా పని దొరకదనే భయం అయితే అక్కర్లేదు.

ఇంకోటి చెప్తా, ఇది మీ అమ్మాయికే ఉన్న లాభం. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వెయ్యాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. కాగితం మీద బానే ఉంటుంది. మన దగ్గర ఏమవుద్దంటే భర్తగారు నెలకి పన్నెండు వేలు సంపాదన అని రాసేస్తాడు, నాలుగెకరాల రొయ్యల చెరువు బావమరిది పేరు మీద నోటిమాట లీజు, బ్యాంకులో ఏమీ ఉండదు. పెద్ద సిటీలో చదివొచ్చిన లాయరు అక్కడ ఆగిపోతాడు. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లయితే మేత డీలరు దగ్గర ఖాతా ఎవరి పేరున ఉంది, సీడు, అంటే రొయ్య పిల్లలు, ఎవరు తెచ్చారు, పోయినసారి రొయ్యల పట్టుబడికి కౌంటు ఎంత, అంటే కిలోకి ఎన్ని తూగాయి, డబ్బు ఎవరి చేతికొచ్చింది అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కోటీ లాగుతుంది. ఇది ఏ యూనివర్సిటీలోనూ చెప్పరండీ.

ఇప్పుడు ఆ ఫర్మ్ మోజు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, అమ్మాయికి చదివి వినిపించండి. అక్కడి అటార్నీలు యాడ్స్ ఇస్తారు, గంటల లెక్కన బిల్లు వేస్తారు. ఇక్కడ లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, లాయరు కాని వాళ్ళతో ఫీజు పంచుకోకూడదు, మేనమామ పెట్టుబడి పెట్టి వాటా తీసుకుంటానంటే కుదరదు. పైగా ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లోది, అందులో 13వ సెక్షన్ ప్రకారం లాయరుని పెట్టుకోవడం పార్టీకి హక్కు కాదు, కోర్టు అనుమతి ఉండాలి. ఆచరణలో లాయర్లు వస్తూనే ఉంటారనుకోండి. కానీ చట్టం ఉద్దేశం రాజీ, గెలుపు కాదు. వీడియోలో అద్దాల ఆఫీసు చూపిస్తారు గానీ, రాత్రి పదకొండుకి ఫోన్ చేసి ఏడ్చే క్లయింటుని, వాయిదా రోజు మెట్ల మీద తిట్టే అవతలి పార్టీ బంధువులని చూపించరు కదా. ఆ ఏడుపు వింటూనే కేసుకి పనికొచ్చే ముక్క పట్టుకోవడం రావాలంటే ఏళ్ళు పడుతుంది, సీనియర్ గారి ఆఫీసులో కట్టలు మోస్తూ, గుమాస్తా దగ్గర కూడా నేర్చుకుంటూ. ఫర్మ్ అంటే ముందు ఒక మంచి గుమాస్తా, తర్వాత ఒక జూనియరు, ఆ జూనియర్‌కి టైముకి జీతం. చాలామంది ఈ చివరి మెట్టు దగ్గరే ఆగిపోయారు, పేరున్న వాళ్ళు కూడా.

జూనియర్లకి సిటీలో నెలకి 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది, సిఫార్సే అది. చాలాచోట్ల పెట్రోలు డబ్బులొస్తే గొప్ప. పెళ్ళికని ఎంత పక్కన పెట్టారో ఉత్తరంలో లెక్కతో సహా రాశారు మీరు, చదువయ్యాక మూడు నాలుగేళ్ళు పిల్ల ఎలా నెట్టుకొస్తుందో ఒక్క మాట లేదు. తిడుతున్నా అనుకోకండి. అనుకున్నా పర్లేదు. ఇంకా ఆ అరెకరం "నాది" అని రాశారు, పిత్రార్జితం అయితే అందులో మీ అమ్మాయికీ వాటా ఉంది. ఈ హక్కు ఆంధ్రాలో 1986లోనే వచ్చింది, దేశమంతా 2005లో ఇచ్చారు. లా చదివితే మొదటి వారంలోనే తెలిసిపోద్ది, జాగ్రత్త.

పోలిక అడిగారు కదా, పెద్దగా చెప్పడానికేం లేదు. ఏ దారిలో వెళ్ళినా వచ్చేది లాయరుగా ప్రాక్టీసు చేసుకునే అదే సనదు, అదే నల్లకోటు. నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్సు క్లాట్‌లో ర్యాంకొచ్చి విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దాంట్లో సీటొస్తే కళ్ళు మూసుకుని పంపండి. రాకపోతే పొలం అమ్మొద్దు, డిగ్రీ చేసి ఏలూరులోనో భీమవరంలోనో మూడేళ్ళది చదివినా ఈ పనికి చాలు, మిగిలిన డబ్బు ఆ జూనియర్ ఏళ్ళకి పనికొస్తుంది. చదువవ్వగానే జడ్జి పరీక్ష రాయించమని ఎవరైనా బంధువు చెప్తే, 2025 మే సుప్రీంకోర్టు తీర్పుతో దానికీ మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అయిందని చెప్పండి.

పరీక్షలయ్యాక ఎండాకాలంలో అమ్మాయిని తెలిసిన ప్లీడరు గారి ఆఫీసులో ఒక నెల కూర్చోబెట్టండి, కుదిరితే లోక్ అదాలత్ రోజు కూడా తీసుకెళ్ళమనండి. మీరు లోపలికెళ్ళి సంబంధాల గురించి ఆయన్ని అడక్కండి, బయట టీ కొట్టు దగ్గర ఉండండి చాలు.