స్టిల్ లైఫ్ ప్రదర్శన పెట్టబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఎనిమిదిమంది కలిసి అచ్చంగా స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువుల బొమ్మలతోనే గ్రూప్ షో పెట్టడం మంచి ఆలోచన. "కుండలూ పళ్లూ కాలేజీ మొదటి ఏడాదిలోనే వేసేశాం కదా, ఇప్పుడెవరు చూస్తారు" అని మీలో ఒకరిద్దరు వెనకాడుతున్నారని రాశావు. ఆ చిన్నచూపు ఈనాటిది కాదు. 1667లో ఫ్రాన్సులో ఫెలీబియాన్ అనే కళా రచయిత చిత్రాలకి పెద్దాచిన్నా అంతస్తులు కట్టినప్పుడే ప్రాణంలేని వస్తువుల బొమ్మల్ని అట్టడుగున పెట్టాడు. అయినా 1728లో అక్కడి రాజ అకాడమీ షార్దా అనే ఆయన్ని జంతువులూ పళ్లూ వేసే చిత్రకారుడిగానే చేర్చుకుంది. ఇటలీలో మొరాండి అనే చిత్రకారుడు బొలోన్యా ఊళ్లోని తన గదిలో అవే సీసాలు, అవే కూజాలు దశాబ్దాల తరబడి వేశాడు. గాజు తళుకు అడ్డం రాకూడదని కొన్ని సీసాలకి ముందే రంగు పూసి పెట్టుకునేవాడు. మీవాళ్లని ఒక పూట కూర్చోబెట్టి ఆయన బొమ్మలు చూపించు.

ఏం వెయ్యాలి అని అడిగావు. ప్లాస్టిక్ యాపిల్ పళ్లూ, వెనక మడతలు పెట్టిన సిల్కు గుడ్డా మాత్రం వద్దు తల్లీ. పూర్ణా మార్కెట్‌కి వెళ్లు, తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లు. పండుగప్పని తెచ్చి స్టీలు పళ్లెంలో పెట్టుకుని గంటగంటకీ చూడు. పొద్దున నల్లగా మెరిసిన కన్ను మధ్యాహ్నానికి పాలపొర కమ్మినట్టవుతుంది, మొప్పల ఎరుపు గోధుమరంగులోకి దిగిపోతుంది. పళ్లెం అంచులో చేప నీడ వంకరగా సాగుతుంది. ఏ గంట చేపని వేస్తున్నావో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఒకే బొమ్మలో రెండు చేపలు కలిసిపోతాయి. ఏటికొప్పాక బొమ్మ పెట్టుకుంటే అంకుడు కర్ర మీది లక్క నునుపుకి వెలుగు సన్నటి గీతలా పడుతుంది. ఆ గీతని తెల్లరంగుతో గీసేసి ఊరుకోకు. దాని పక్కనున్న రంగు సరిగ్గా పడితే సగం మెరుపు దానంతటదే వస్తుంది.

సమకాలీనం అంటే బల్ల మీద సెల్‌ఫోన్ పెట్టడమే అనుకునేవాళ్లున్నారు. మందుల షీటు, ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను, పార్శిల్ అట్టపెట్టె, ఇంట్లో నిజంగా ఉన్నవేవైనా వెయ్యండి. మన దేశపు కళాకారుడు సుబోధ్ గుప్తా రోజూ వాడే స్టీలు గిన్నెలతోనే ప్రపంచమంతా తిరిగాడు. ఎనిమిదిమందీ ఎనిమిది ఇళ్ల సామాను తెస్తే మీ షోకి వేరే థీమ్ అక్కర్లేదు.

ఇక అసలు కష్టం బొమ్మల ఎంపిక. తలా ఐదు వేలాడదీస్తామంటున్నారు. నలభై బొమ్మలు ఒక మామూలు హాల్లో పెడితే చూసేవాడికి ఒక్కటీ గుర్తుండదు. తలా మూడు చాలు, ఒకరివి రెండే బాగుంటే రెండే. మీలో మీరు ఎంచుకుంటే మొహమాటాలు అడ్డొస్తాయి. బయటి మనిషినొకరిని పిలిచి, బొమ్మల మీద పేర్లు కప్పేసి, వాళ్ల మాటకి కట్టుబడండి. నీ బొమ్మ పక్కకి పోయినా సరే, మొహం చిన్నబుచ్చుకోకు. నువ్వు ఒప్పుకుంటే మిగతావాళ్లూ ఒప్పుకుంటారు.

తగిలించేటప్పుడు బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండేలా చూడు. పొడవూ పొట్టీ బొమ్మలన్నిటికీ అదే లెక్క. 30 అంగుళాల ఫ్రేము, వెనక తీగ బిగించి లాగితే పై అంచుకి 4 అంగుళాల కింద నిలిచిందనుకో: 57కి సగం ఎత్తు 15 కలుపు, 4 తీసెయ్యి. మేకు 68 అంగుళాల దగ్గర. పాత భవనమైతే గోడకి మేకు కొట్టనిస్తారో లేదో డబ్బు కట్టకముందే అడుగు. లైట్లు సీఆర్ఐ (వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి తగ్గని ఎల్ఈడీలు తీసుకో, లేకపోతే దోరమామిడి రంగు బూడిదలా కనిపిస్తుంది. లైటుని గోడ వైపు సుమారు ముప్పై డిగ్రీలు వంచు. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న హాలైతే, అద్దమున్న ఫ్రేముల్ని వాటికి ఎదురుగా పెట్టొద్దు. బొమ్మ బదులు సముద్రమే కనిపిస్తుంది.

మన ఊరి గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు గానీ ఫ్రేములు కట్టేవాడికి గట్టిగా చెప్పు. నీటిరంగుల కాగితం అద్దానికి తగలకూడదు, మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే దళసరి అట్ట చట్రం, ఉండాలి. చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుందంటే రంగు ఊడొస్తుంది. వెనక బ్రౌన్ పేపరుతో మూయించు. కొక్కేలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో కొను, ఉప్పుగాలికి ఇనుపవి తుప్పు పడతాయి. దళసరిగా వేసిన నూనెరంగు పైన ఆరినట్టుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చివరి వార్నిష్ ఆరు నెలలైనా ఆగాకే. మోసుకెళ్లేటప్పుడు రంగు మీద ముందు బటర్ పేపర్ వేసి, ఆపైన బబుల్ ర్యాప్ బుడగలు బయటికి ఉండేలా చుట్టండి. లేకపోతే బుడగల అచ్చులు రంగులో పడతాయి.

అక్టోబరు, నవంబరు వద్దు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆ రోజులు ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. డిసెంబరు దాటాక పెట్టుకోండి. గాలీ హాయిగా ఉంటుంది, జనమూ బయటికొస్తారు.

ప్రారంభోత్సవంలో శాలువాలు, ఉపన్యాసాలు అరగంటకి మించనివ్వకు. వచ్చినవాళ్లు బొమ్మలకి వీపు పెట్టి కుర్చీల్లో కూర్చోవడం నాకు ఎంత బాధో నీకు తెలుసు. చీటీల మీద పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం తెలుగులో కూడా రాయించు. ధరల పట్టిక బల్ల దగ్గర ఉంచు. అమ్మితే ఎవరికెంత, ఖర్చు ఎవరెంత అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టి ఎనిమిదిమందీ సంతకాలు చెయ్యండి, స్నేహితులైనా సరే.

హాలు ఖాయం కాగానే గోడల కొలతలూ, తలుపులూ స్విచ్చిబోర్డులూ ఎక్కడున్నాయో గీసి పంపు. బొమ్మల కొలతలకి అట్టముక్కలు కత్తిరించుకుని ఆదివారం మా ఇంటికి రండి, నేల మీద పరిచి వరస చూద్దాం.

మీ మాస్టారు