సినిమాలకు నేపథ్య సంగీతం చేయడాన్ని వృత్తిగా ఎంచుకుంటే ఎలా ఉంటుంది?

మీరు మూడు విషయాలు అడిగారు: సంగీతంలో పట్టా తప్పనిసరా, మొదటి పని ఎలా దొరుకుతుంది, దాంతో బతకగలమా. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఒక సంగీత దర్శకుడి దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామర్‌గా చేశాను, తర్వాత డాక్యుమెంటరీలకు, ఇప్పుడు చిన్న సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు సొంతంగా చేస్తున్నాను. పాటల జోలికి పోను, అది వేరే విద్య. సన్నివేశాల కింద వినిపించే సంగీతం గురించి మాత్రమే చెబుతాను.

పట్టా సంగతి తొందరగా ముగించేద్దాం. ఎక్కడ చదువుకున్నావని ఇంతవరకు ఏ దర్శకుడూ నన్ను అడగలేదు. హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ పద్ధతి ప్రకారం సంగీతం చదువుకున్నవారు కాదు. ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే రోమ్‌లోని సంగీత విద్యాలయంలో ట్రంపెట్, స్వరరచన చదివారు, పియానో అవసరం లేకుండా నేరుగా కాగితం మీద రాసేవారు. ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది. స్వరలిపి రాయడం, చదవడం వస్తే మాత్రం ఆర్కెస్ట్రాతో రికార్డు చేసే రోజున చాలా సమయం, దాంతోపాటు డబ్బు, మిగులుతాయి. రాకపోతే ఆ పని చేసిపెట్టే ఆర్కెస్ట్రేటర్లు ఉంటారు. అంతే.

అసలు విషయం వేరే ఉంది. బాగా వాయించగలిగేవాళ్లు, మంచి బాణీలు కట్టగలిగేవాళ్లు ఈ వృత్తిలోకి వచ్చి రెండు మూడు సినిమాల తర్వాత విసిగిపోయి వెళ్లడం చూశాను. వాళ్లకు సంగీతం రాక కాదు. తమ సంగీతం ఇంకొకరి కథకు లోబడి ఉండాలన్నది వాళ్లకు మింగుడు పడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ అసలు వద్దు అన్నది ఏ రాగం వాడాలన్నదాని కన్నా పెద్ద ప్రశ్న. సినిమా కూర్పు, అంటే ఎడిటింగ్, ఒక కొలిక్కి వచ్చాక దర్శకుడు, ఎడిటర్, సంగీత దర్శకుడు కలిసి కూర్చుని సినిమా మొత్తం చూస్తూ ఇవే నిర్ణయిస్తారు. దీన్ని స్పాటింగ్ అంటారు. నా మట్టుకు నాకు సినిమా సగం ఆ గదిలోనే తయారవుతుంది.

నేను పనిచేసిన ఒక సినిమాలో ఆసుపత్రి సన్నివేశం ఉంది. తండ్రి పరిస్థితి గురించి డాక్టరు కూతురికి చెబుతాడు. డాక్టరు నోరు తెరిచినప్పటి నుంచి సంగీతం ఉండాలని దర్శకుడు అడిగాడు, రాసిచ్చాను. తీగవాద్యాలతో చక్కగానే వచ్చింది. ఒకసారి సంగీతం తీసేసి చూద్దామని ఎడిటర్ అంది. తీసేసి చూస్తే డాక్టరు మాటల మధ్య ఉన్న విరామాలు ఒక్కసారిగా వినిపించాయి, ఆ నటుడు ఎంత బాగా చేశాడో అప్పుడు తెలిసింది. చివరకు డాక్టరు వెళ్లిపోయి, ఆ అమ్మాయి ఫోను తీసి, ఎవరికి చెప్పాలో తెలియక మళ్లీ సంచిలో పెట్టేసుకునే క్షణంలో సంగీతం మొదలుపెట్టాం. రాసినదానిలో చివరి ముక్క మాత్రమే మిగిలింది. ప్రేక్షకులు ఏడ్చింది అక్కడే.

దర్శకుడు హిచ్‌కాక్, ఆయన సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ జంటను ఇందుకోసమే గమనించండి. 1960లో వచ్చిన 'సైకో'లో స్నానాల గది హత్యకు సంగీతం వద్దని హిచ్‌కాక్ అనుకున్నారు. హెర్మన్ తీగవాద్యాలతో రాసి వినిపించారు, హిచ్‌కాక్ మనసు మార్చుకున్నారు. మూడేళ్లకు వచ్చిన 'ది బర్డ్స్'లో మామూలు అర్థంలో నేపథ్య సంగీతమే లేదు, ఉన్నవి ఎలక్ట్రానిక్ పక్షి అరుపులు, నిశ్శబ్దం. దానికీ హెర్మన్ పనిచేశారు, శబ్ద సలహాదారుగా. వద్దన్నచోట రాసి ఒప్పించిన మనిషే, అక్కర్లేని సినిమాలో ఒక్క స్వరం రాయకుండా పనిచేశారు. ఈ రెండూ చేయగలిగితే మీరు ఈ వృత్తికి పనికొస్తారు.

మాటల కింద రాయడం గురించి కొంచెం సాంకేతికంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ల నమూనాలు వింటే మొదట కనిపించే లోటు ఇదే. మగవారి మాట మూలస్థాయి ఇంచుమించు 100 నుంచి 150 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య, ఆడవారిది 200 చుట్టుపక్కల ఉంటుంది. వయొలిన్ జాతిలోనే పెద్దదైన చెల్లో హాయిగా పలికేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. హల్లుల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ వరకు ఉన్న చోట తేలుతుంది, వయొలిన్ల పదును కూడా అక్కడే. అందుకని కథానాయకుడు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే చెల్లోతో బాణీ పాడించకండి. రెండూ కొట్టుకుంటాయి. మాటలు, శబ్దాలు, సంగీతం కలిపే మిక్సింగ్ ఇంజనీర్ ఎవరిని తగ్గిస్తాడో చెప్పనక్కర్లేదు. మాటల కింద పొడవైన స్వరాలు పెట్టి, మాట ఆగిన చోట కదలిక ఇస్తే మీ సంగీతం బతుకుతుంది. వాద్యాల గుంపులను విడివిడి స్టెమ్‌లుగా, అంటే వేర్వేరు ట్రాక్‌లుగా, అప్పగించడం కూడా ఇందుకే. ఒక డ్రమ్ము మాటకు అడ్డం వస్తే ఆ ఒక్కదాన్నే తగ్గిస్తారు, మొత్తం పాడవదు.

ఇక టెంప్ ట్రాక్. ఈ వృత్తిలో మనశ్శాంతి పోగొట్టే వస్తువు ఏదైనా ఉంటే ఇదే. మీరు రంగంలోకి దిగేలోపే ఎడిటర్ ఏదో పాత సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా అతికించి కూర్పు చేసి ఉంటారు. దర్శకుడు నెలల తరబడి అదే విని విని దానితో ప్రేమలో పడి ఉంటాడు. ఇది ఎంత దూరం వెళ్లగలదో సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం ఆయన సంగీతం రాసి, రికార్డు కూడా చేశారు. దర్శకుడు కుబ్రిక్ దాన్ని పక్కనపెట్టి తాను ముందు నుంచి వాడుతున్న శాస్త్రీయ రచనలనే ఉంచేశారు. తన సంగీతం లేదన్న సంగతి నార్త్‌కు 1968లో సినిమా చూస్తున్నప్పుడు తెలిసింది. అప్పటికే ఆయన హాలీవుడ్‌లో పెద్ద పేరు.

నేను టెంప్ విన్నాక "ఇలాంటిదే కావాలా?" అని అడగను. "ఇందులో మీకు పని చేస్తున్నది ఏమిటి?" అని అడుగుతాను. చాలాసార్లు జవాబు వాద్యమో బాణీయో కాదు, వేగం. ఎడిటర్ ఆ లయకే షాట్లు కోశారు కాబట్టి వేగం మారిస్తే సన్నివేశం కుంటుతుంది. వేగం అలాగే ఉంచి మిగతావన్నీ మార్చేస్తే దర్శకుడు అభ్యంతరం చెప్పడం అరుదు. ఎప్పుడూ ఇలా జరుగుతుందని అనను. అచ్చం అదే కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. అప్పుడు ఆ పాత సంగీతానికే హక్కులు కొనుక్కోమని మర్యాదగా చెప్పాలి. కాపీ కొట్టి ఇరుక్కుంటే కోర్టు మెట్లు ఎక్కేది మీరూ నిర్మాతా, సలహా ఇచ్చిన దర్శకుడు కాదు.

దర్శకుల్లో ఎక్కువమందికి సంగీతం భాష రాదు, రానవసరం కూడా లేదు. "బాధ ఉండాలి కానీ ఏడుపు వద్దు" అంటారు. "ఇక్కడ వాడు ఆమెకు అబద్ధం చెబుతున్నాడు, కానీ నమ్మి చెబుతున్నాడు" అంటారు. ఈ రెండోది ఎంత మంచి సూచనో చూడండి. 'ఇంటర్‌స్టెల్లార్' మొదలయ్యేటప్పుడు దర్శకుడు నోలన్ జిమ్మర్‌కు అది అంతరిక్ష కథ అని కూడా చెప్పకుండా, తండ్రీ బిడ్డల బంధం గురించి ఒక పేజీ మాత్రం ఇచ్చారు. ఆ పేజీని బట్టి జిమ్మర్ రాసిన చిన్న రచన నుంచే ఆ సినిమా సంగీతం పెరిగింది. మీ దర్శకుడు వాద్యాల పేర్లు చెప్పడం మొదలుపెడితే నెమ్మదిగా పాత్రల దగ్గరికి మళ్లించండి.

పని ఎలా దొరుకుతుందంటే, రెండు దారులున్నాయి. మొదటిది పెద్దవాళ్ల దగ్గర చేరడం. కీరవాణి, సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేశారు. రెహమాన్ ఇళయరాజా బృందంలో కీబోర్డు వాయించారు, తర్వాత వాణిజ్య ప్రకటనలకు పనిచేసి 1992లో సినిమాకు వచ్చారు. జిమ్మర్ లండన్‌లో సంగీత దర్శకుడు స్టాన్లీ మైయర్స్ దగ్గర పనిచేశారు. ఈ దారిలో మీ పేరు చాలాకాలం ఎక్కడా పడదు, మీరు రాసిన ముక్కలు కొన్ని ఇంకొకరి పేరుతో వెళ్తాయి. అది అన్యాయమా అంటే ముందు మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. సహాయ రచన అని పేరు వేస్తారా లేదా అన్నది చేరిన రోజునే అడగండి, రెండో ఏడాది కాదు. పేరు రాకపోయినా ఇక్కడ నేర్చుకునేది మాత్రం ఇంకెక్కడా దొరకదు. దర్శకుడు మొహం చిట్లించినప్పుడు అనుభవజ్ఞుడు ఏం చేస్తాడో పక్కన కూర్చుని చూడాల్సిందే.

రెండో దారి మీ వయసు, మీ స్థాయి దర్శకులతో లఘు చిత్రాలు చేయడం. ఇక్కడ ఒక మాట: దర్శకుల కన్నా ఎడిటర్లతో స్నేహం పెంచుకోండి. దర్శకుడు రెండేళ్లకో సినిమా తీస్తాడు, ఎడిటర్ ఏడాదికి నాలుగైదు చూస్తాడు. టెంప్ అతికించేది తనే, "ఈ కుర్రాణ్ణి ఒకసారి వినండి" అని చెప్పేదీ తనే. నాకు సొంతంగా వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం, ఆసుపత్రి సన్నివేశంలో సంగీతం తీసేయమన్న ఆ ఎడిటర్ ద్వారా వచ్చినవే. నమూనాలు పంపేటప్పుడు ఉత్త సంగీతం పంపకండి. మాటలున్న సన్నివేశం, మీ సంగీతంతో, రెండు నిమిషాలకు మించకుండా పంపండి. యుద్ధాలు, విన్యాసాలు అందరూ పంపుతారు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం పంపినవాణ్ణి నేనైతే ముందు పిలుస్తాను.

రోజువారీ జీవితం గురించి. సంగీతం వంతు చివరకు వస్తుంది. చిత్రీకరణ ఆలస్యమైనా, కూర్పు ఆలస్యమైనా విడుదల తేదీ కదలదు, కోత పడేది మన రోజుల మీద. వాద్యాలతో సహా పూర్తయిన సంగీతం రోజుకు రెండు మూడు నిమిషాలు రాయగలిగితే మంచి వేగమే. సినిమాకు అరవై నిమిషాలు కావాలంటే లెక్క వేసుకోండి. 'చైనాటౌన్' సినిమాకు ముందు ఇంకొకరు రాసిన సంగీతం పక్కన పెట్టాల్సి రావడంతో సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ పది రోజుల్లో కొత్తది రాశారు, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ కథ నిర్మాతలకు చెప్పకండి, మీకూ పది రోజులే ఇస్తారు.

పైగా కూర్పు అయిపోయిందన్న తర్వాత కూడా మారుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీటు అంటే 12 ఫ్రేములు. దర్శకుడు ఒక చూపును 18 ఫ్రేములు తగ్గించాడనుకోండి, ఒకటిన్నర బీటు పోయినట్టే. తలుపు చప్పుడుకు సరిగ్గా పడాల్సిన దెబ్బ తర్వాతి షాట్‌లో పడుతుంది. అప్పుడు నాలుగు బీట్ల ఆవర్తం ఒకచోట రెండున్నరకు కుదించడమో, ముందు నుంచి వేగాన్ని కొద్దికొద్దిగా పెంచడమో చేస్తాం. కొలతలు మారాక చొక్కా విప్పి మళ్లీ కుట్టడం లాంటి పని ఇది, విన్నవాడికి అతుకు తెలియకూడదు. నాకు ఈ పని ఇష్టం. చాలామందికి అసహ్యం.

చెవులు జాగ్రత్త. సినిమా మిక్సింగ్ థియేటర్లలో ప్రమాణంగా పెట్టుకునే స్థాయి 85 డెసిబెళ్లు. చెవికి ఎనిమిది గంటల హద్దుగా వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పేదీ ఇంచుమించు అంతే. మనం పదహారు గంటలు కూర్చుంటాం. చిన్న గదిలో ఇంకా తగ్గించి వినండి.

చివరగా డబ్బు. చిన్న సినిమాల్లో ఎక్కువగా మొత్తం ఒకే అంకెగా మాట్లాడతారు: మీ పారితోషికం, వాద్యకారులు, స్టూడియో, మిక్సింగ్ అన్నీ అందులోనే. దర్శకుడు "ఇక్కడ నిజం వయొలిన్లు ఉంటే బాగుండు" అన్న ప్రతిసారీ మీ జేబులోంచి పోతుంది. అందుకని వాద్యకారుల ఖర్చు విడిగా రాయించుకోండి, లేదా ఎన్ని గంటల రికార్డింగ్ అన్నదైనా రాయించండి. ఎన్నిసార్లు మార్పులు ఉచితమో కూడా.

రాయల్టీలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో 1948 నాటి కోర్టు తీర్పు తర్వాత నుంచి సినిమా హాళ్లు సంగీతానికి ప్రదర్శన రుసుము కట్టవు, యూరప్‌లో కడతాయి. భారతదేశంలో 2012 కాపీరైట్ సవరణ ప్రకారం సినిమాలోని సంగీతం హాల్లో సినిమాతో పాటు కాక ఇంకే విధంగా వాడినా వచ్చే రాయల్టీలో స్వరకర్త సమాన వాటాను వదులుకోవడం కుదరదు, ఒప్పందంలో సంతకం పెట్టించుకున్నా చెల్లదు. కానీ ఆ డబ్బు మీ దాకా రావాలంటే మీరు రాయల్టీ వసూలు చేసే సంఘంలో సభ్యులై ఉండాలి, సినిమాకు క్యూ షీట్ దాఖలై ఉండాలి. ఏ ముక్క ఎన్ని సెకన్లు వినిపించింది, ఎవరు రాశారు అన్న పట్టిక అది. నిర్మాణ సంస్థ వేస్తుందని వదిలేస్తే చాలాసార్లు ఎవరూ వేయరు. నేను ఆఖరి మిక్స్ అయిన వారంలోనే సొంతంగా తయారుచేసి నిర్మాతకు పంపుతాను, సంఘానికి చేరిందో లేదో నెల తర్వాత ఫోను చేసి కనుక్కుంటాను.